మాట వేరు, వస్తువు వేరు: చిన్నపిల్లలకు పదార్థాల పాఠం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో ప్రతి ఏడూ చదువు గురించి ఎవరో ఒకరు మాట్లాడటం ఆనవాయితీ. చదువు ముఖ్యమని వారు చెబుతారు, మనం చప్పట్లు కొడతాం, ఆ తర్వాత భోజనాలు. ఈసారి ఆ పని మాకు అప్పగించారు. చదువు ముఖ్యమని మేము చెప్పబోవడం లేదు. అది మీకు తెలుసు. తెలియకపోతే ఇంత ఖర్చు భరించి పిల్లల్ని బడికి పంపరు. మేము చెప్పదలచుకున్నది ఒకే ఒక్క చిన్న పాఠం గురించి. మూడు, నాలుగు తరగతుల పిల్లలకు చెప్పే పాఠం అది. ఇనుము, రాగి, గాజు, కట్టె, బట్ట, ప్లాస్టిక్, మట్టి, ఇవి ఏమిటి, వీటి గుణాలు ఏమిటి అన్నది. చూడటానికి చాలా తేలికైన పాఠం. ఆ తేలికైన పాఠాన్ని మేము ఎన్నో ఏళ్ళు తప్పుగా చెప్పాము. ఆ సంగతి మీ ముందు ఒప్పుకోవడానికే వచ్చాము.

మా తెలుగు గురించి ఒక మాట. మేము చదివింది ఉర్దూ మీడియం, చెప్పేదీ ఉర్దూ మీడియమే. తెలుగు నేర్చుకున్నది బడిలో కొంత, మల్లాపూర్ గల్లీల్లో ఎక్కువ. ఉర్దూలో 'హమ్' అనే అలవాటు ఉండటం వల్ల తెలుగులో కూడా ఒక్కరమే అయినా 'మేము' అంటాము. అది గొప్పకోసం కాదు సుమా.

మన పిల్లలు ఎక్కడ పెరుగుతున్నారో ఒకసారి ఆలోచించండి. ఒక పక్క నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడలు. ఇంకో పక్క మౌలాలి గుట్ట, దాని నల్లరాయి. దగ్గరలోనే 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. ఉప్పల్ రోడ్డుమీద 1961 నుంచి భూభౌతిక పరిశోధనా సంస్థ. బడికి నడిచి వచ్చే దారిలో వెల్డింగ్ దుకాణం, కట్టెకోత మిషను, తుక్కు దుకాణం, దర్జీ, పంక్చర్ దుకాణం, సిమెంటు ఇటుకలు పోసే చోటు. ఇన్ని రకాల సామాను మధ్య పెరిగే పిల్లలు ఎందరుంటారు? అయినా మేము ఏం చేసేవాళ్ళమంటే, ఆ దారంతా నడిచి వచ్చిన పిల్లవాడిని కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, నల్లబల్లమీద 'ధాత్ కీ ఖుసూసియాత్' అని రాసి, లోహాల గుణాలు అయిదు, కాపీ చేసుకోండి అనేవాళ్ళం.

కొన్నేళ్ళ కిందట ఒకరోజు నాలుగో తరగతికి గుర్రపునాడా అయస్కాంతం ఒకటి తీసుకుపోయాము. స్టీలంటే ఇనుమే గనుక అయస్కాంతానికి అంటుకుంటుంది అని చెప్పి, మా టిఫిన్ డబ్బాకు పెట్టి చూపించాము. టక్కున అంటుకుంది. పిల్లలంతా సంతోషించారు. చివరి వరుసలో ఒక అబ్బాయి ఉండేవాడు. నెలకోసారి కూడా నోరు తెరిచేవాడు కాదు. పరీక్షలో ఈ పాఠంలోనే తప్పాడు. ఆ రోజు మాత్రం మెల్లగా, "డబ్బా అంటుకుంటది సర్, మీ గ్లాసు అంటుకోదు" అన్నాడు. మేము నవ్వి, బల్లమీది మంచినీళ్ళ గ్లాసుకు అయస్కాంతం పెట్టాము. జారి కింద పడింది. మళ్ళీ పెట్టాము, మళ్ళీ జారింది. "అంచు దగ్గర పెట్టండి, కొంచెం పట్టుకుంటది" అన్నాడు. అంచు దగ్గర నిజంగానే కొంచెం పట్టుకుంది.

ఆ పూట మాకు చెమటలు పట్టిన మాట నిజం. నీకెలా తెలుసురా అంటే, అబ్బా దుకాణంలో చూస్తానన్నాడు. వాళ్ళ నాన్నది తుక్కు వ్యాపారం. అక్కడ స్టీలు రెండు కుప్పలు. అంటుకునేది ఒకటి, అంటుకోనిది ఒకటి. అంటుకోని దానికి ధర ఎక్కువ. ఎనిమిదేళ్ళ పిల్లవాడు రోజూ సాయంత్రం ఆ రెండు కుప్పలు వేరుచేస్తాడు. అదే పిల్లవాడు మా పరీక్షలో తప్పాడు.

తర్వాత మేము పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఏమంటే, స్టెయిన్‌లెస్ స్టీలు అనేది ఒక్కటి కాదు. ఇనుములో క్రోమియం మాత్రమే కలిపిన రకం అయస్కాంతానికి అంటుకుంటుంది. నూటికి సుమారు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ కలిపిన రకం, బజారులో 304 అంటారు చూడండి, అది మామూలుగా అంటుకోదు. నికెల్ ఖరీదు గనుక ధర ఎక్కువ. ఆ స్టీలును వంచి, నొక్కి, సాగదీసినచోట లోపలి అమరిక కొంత మారి కాస్త అయస్కాంత గుణం వస్తుంది. గ్లాసు అంచు పట్టుకోవడానికి కారణం అదే. ఇంకో మెలిక కూడా ఉంది. నికెల్ తగ్గించి మాంగనీసు వేసిన చవకరకం కూడా అంటుకోదు. కాబట్టి అయస్కాంతం ఒక్కదానితో తేల్చలేం. ఈ మాట పుస్తకంలో చూసి మేము గొప్పగా ఆ అబ్బాయికి చెబితే, "ఔను సర్, అబ్బా దాన్ని వేరే చూస్తడు" అన్నాడు.

అసలు మేము ఆ తప్పు ఎందుకు చేశాము? చాలా రోజులు ఆలోచించాము. తప్పు అయస్కాంతంలో లేదు, మాటలో ఉంది. ఉర్దూలో 'లోహా' అంటే ఇనుము. తెలుగులో 'లోహం' అంటే ఇనుము, రాగి, వెండి, బంగారం అన్నీ. ఉర్దూలో దానికి 'ధాత్' అనే మాట వేరే ఉంది. మన పిల్లవాడు ఇంట్లో ఉర్దూ వింటాడు, గల్లీలో తెలుగు వింటాడు. కొందరు అయిదు కాగానే తెలుగు మీడియంలోకో, ఇంగ్లీషు మీడియంలోకో మారతారు. తెలుగు మాస్టారు "లోహాలు" అనగానే వాడి బుర్రలో ఇనుము కనిపిస్తుంది. రాగి లోహమా అంటే కాదు అంటాడు. మాస్టారు మొద్దు అనుకుంటాడు. వాడు మొద్దు కాదు, వాడి దగ్గర రెండు భాషలున్నాయి అంతే.

ఒకటి దొరికాక మిగిలినవి కూడా దొరికాయి. తెలుగులో 'సీసా' అంటే నూనె పోసుకునే సీసా. ఆ మాట మన 'షీషా' నుంచే వచ్చింది కాబోలు. ఉర్దూలో 'సీసా' అంటే సీసం, బరువైన, విషపు లోహం. తెలుగులో 'కంచు' అంటే గంటలు పోసే లోహం, రాగీ తగరమూ కలిపినది. ఉర్దూలో 'కాంచ్' అంటే గాజు. కంచు కింద పడితే ఖంగుమంటుంది, కాంచ్ కింద పడితే ముక్కలవుతుంది. మాటలు మాత్రం అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఒక పాప రాసింది: కంచుతో కిటికీలు చేస్తారు అని. మేము ఎర్రగీత కొట్టబోయి ఆగాము.

ఉర్దూ వాళ్ళకే ఈ చిక్కు అనుకోకండి. తెలుగు పిల్లలకూ ఉంది. గ్లాసు దేనితో చేస్తారు అంటే స్టీలుతో అంటారు. నిజమే కదా, ఇంట్లో ఉన్నది స్టీలు గ్లాసే. గాజులు దేనితో చేస్తారు? గాజుతో అనాలి, పేరే అది. కానీ బంగారు గాజులున్నాయి, ప్లాస్టిక్ గాజులున్నాయి, మన లాడ్ బజార్ లక్క గాజులున్నాయి. వాటికి 2024లో జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది. ఇక వంటింట్లో 'సిల్వర్ గిన్నె' అంటాం. అందులో వెండి తుంపు కూడా లేదు, అది అల్యూమినియం. వస్తువు పేరు ఒకటి, అది తయారైన పదార్థం ఇంకొకటి. పెద్దవాళ్ళమైన మనకు ఈ రెండూ ఎప్పుడో విడిపోయాయి. చిన్నపిల్లలకు ఇంకా కలిసే ఉంటాయి. వాటిని విడదీయడమే ఈ పాఠంలో మొదటి మెట్టు. తక్కినదంతా తర్వాత.

దీనర్థం మాటలు అక్కరలేదని కాదు. మన హైదరాబాదులో మాటల కోసం పడిన శ్రమ చిన్నది కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. దానికి పుస్తకాలు కావాలి గనుక అంతకు ముందు ఏడాది, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టారు. రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు అన్నీ ఉర్దూలో చెప్పారు. అక్కడ ఆచార్యులైన వహీదుద్దీన్ సలీమ్ గారు శాస్త్రపదాలు ఎలా కల్పించాలి అన్న దానిమీదే ఒక గ్రంథం రాశారు, 'వజె ఇస్తిలాహాత్' అని, 1921లో. ఈనాటికీ మేము తరగతిలో వాడే షఫ్ఫాఫ్, నీమ్ షఫ్ఫాఫ్, మురక్కబ్, అన్సర్ వంటి మాటలు ఆ కాలపు పండితులు స్థిరపరచిన వరుసలోవే. మాకు ఆ మాటలంటే గౌరవం, ప్రేమ. కానీ ఆ పండితులు కాలేజీ విద్యార్థుల కోసం రాశారు. ఎనిమిదేళ్ళ పిల్లకు ముందు షఫ్ఫాఫ్ అనే మాట ఇచ్చి తర్వాత గాజుముక్క చూపిస్తే, మాట నోట్లో ఉంటుంది, గాజు బయట ఉంటుంది. ముందు కంటికి అడ్డంగా గాజు పెట్టుకుని, తర్వాత నూనె రాసిన కాగితం పెట్టుకుని, తర్వాత అట్టముక్క పెట్టుకుని చూస్తే, ఆ మూడింటికీ పేర్లు కావాలని తనే అడుగుతుంది. అప్పుడు ఇవ్వాలి షఫ్ఫాఫ్, నీమ్ షఫ్ఫాఫ్, గైర్ షఫ్ఫాఫ్. ఇక జన్మలో మరచిపోదు.

ఇది మేము కనిపెట్టిన పద్ధతి కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో, పిల్లలు తమ చేతులతో చేసి చూసి నేర్చుకునే సైన్సు కార్యక్రమం ఒకటి మొదలైంది. తర్వాత వందల బడులకు వ్యాపించింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపివేసింది. పల్లెటూరి బడుల్లో, ఖరీదైన ప్రయోగశాల లేకుండా, చవక సామానుతో సైన్సు చెప్పవచ్చునని వాళ్ళు చేసి చూపించారు. మేము తెచ్చుకున్నది ఆ ఆలోచనే. మా ప్రయోగశాల అంటే ఒక పాత లుంగీలో కట్టిన మూట.

ఆ మూటలో ఏముంటాయంటే, స్టీలు చెంచా, కట్టె చెంచా, రాగి తీగ, సిల్వర్ మూత, సుద్దముక్క, గోలీ, స్పాంజి, రబ్బరు, కొవ్వొత్తి, కుండ పెంకు, రెండు రకాల గుడ్డపీలికలు, మౌలాలి రాయి ఒకటి. పిల్లలు ముందు చెప్పాలి, తర్వాత చేయాలి. నీళ్ళలో వేస్తే తేలుతుందా మునుగుతుందా? ముందు చెయ్యెత్తి చెప్పండి. తర్వాత వేయండి. తప్పయినవాళ్ళకు మార్కులు కోసేది లేదు. ఇలా పెట్టాక తరగతిలో గోల పెరిగింది, ఆ మాట ఒప్పుకుంటాము. పక్క గది టీచరమ్మ రెండుసార్లు ఫిర్యాదు చేశారు కూడా.

ఈ మూటలో మాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఆ రెండు చెంచాలు. రాత్రంతా ఒకే గదిలో, ఒకే బల్లమీద ఉన్నాయి. పొద్దున పిల్లలు ముట్టుకుని, స్టీలు చల్లగా ఉంది, కట్టె వెచ్చగా ఉంది అంటారు. థర్మామీటరు పెడితే రెండూ ఒకటే. పిల్లలు నమ్మరు. థర్మామీటరు చెడిపోయింది అంటారు. నిజానికి స్టీలు మన చేతి వేడిని గబగబా లాక్కుంటుంది, కట్టె లాక్కోదు. చల్లగా అయ్యేది చెంచా కాదు, మన చెయ్యి. తర్వాత రెండు చెంచాల కాడలకూ కాస్త కొవ్వొత్తి మైనంతో ఒక్కొక్క పూస అతికించి, వేడినీళ్ళ గిన్నెలో నిలబెడతాము. స్టీలు చెంచా పూస ముందు జారుతుంది. పొద్దున చెయ్యి చెప్పినదీ, ఇప్పుడు పూస చెప్పినదీ ఒకటే సంగతి అని ఎవరో ఒక పిల్ల గుర్తుపడుతుంది. అందుకే అమ్మీ బిర్యానీ కలపడానికి కట్టె గరిటె వాడుతుంది అని కూడా అంటుంది. ఆ వాక్యం మేము చెప్పకూడదు, పిల్లే చెప్పాలి. దాని కోసం పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవడం టీచరుకు చాలా కష్టం. మాకిప్పటికీ పూర్తిగా అలవాటు కాలేదు.

కుండ పెంకు సంగతి తల్లులకు ఉపయోగపడుతుంది. పొడి పెంకు మీద నీటిచుక్క వేస్తే పీల్చుకుంటుంది. సురాహి అయినా, రంజన్ అయినా గోడలోంచి నీళ్ళు సన్నగా బయటికి ఊరి, ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతాయి. అందంగా ఉందని బయట రంగు వేసిన కుండ కొంటే, ఆ రంధ్రాలు మూసుకుపోయి నీళ్ళు సరిగా చల్లబడవు. ఎండాకాలంలో డబ్బు పెట్టి బొమ్మ కొనుక్కున్నట్టు అవుతుంది.

ఒక ఏడు కళాయి పని చేసే పెద్దాయన్ను బడికి పిలిచాము. పెళ్ళిళ్ళ దేగ్‌లు మీకందరికీ తెలుసు. రాగి, ఇత్తడి దేగ్‌లో పులుపు వేసి వండితే రాగి కూరలోకి దిగుతుంది. వాంతులు, కడుపునొప్పి వస్తాయి. అందుకని లోపల తగరం పూత. ఆయన బొగ్గులమీద గిన్నె కాల్చి, నౌసాదర్ చల్లి, పొగ లేవగానే తగరం కడ్డీ తాకించి, దూదితో ఒక్క చుట్టు తుడిచారు. నల్లటి గిన్నె వెండిలా మెరిసింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, రాగి కరగాలంటే వెయ్యి దాటాలి. అందుకే గిన్నె నిలుస్తుంది, పూత పారుతుంది. నౌసాదర్ ఎందుకు అని ఒక పాప అడిగింది. "మైల ఉన్నచోట కళాయి కూర్చోదు బేటీ" అన్నారాయన. పుస్తకంలో దాన్నే లోహపు పైపొరలోని ఆక్సైడును తొలగించడం అని రాస్తారు. ఆయన బడికి వెళ్ళలేదట. అది చెబుతూ సిగ్గుపడ్డారు. సిగ్గుపడవలసింది ఆయనా?

తండ్రులకు ఇక్కడే ఒక మనవి. మా తరగతిలో మీ నాన్న ఏం చేస్తారు అంటే, "బిజినెస్" అనో, "ఏమీ లేదు" అనో చెప్పే పిల్లలు చాలామంది. వెల్డింగ్, తుక్కు, దర్జీ, పంక్చర్ అని చెప్పడానికి నామోషీ. మీరే ఇంట్లో, "చదవకపోతే నాలాగా ఈ మురికి పని చేస్తావు" అంటారు. మంచి ఉద్దేశంతోనే అంటారు, కాదనం. కానీ పిల్లవాడు దాన్ని ఎలా తీసుకుంటాడంటే, నాన్నకు తెలిసింది తెలివి కాదు, బడిలో రాసేదే తెలివి అని. మా తరగతిలో ఒక దర్జీగారి కూతురు రెండు గుడ్డపీలికలు వేళ్ళ మధ్య నలిపి, కళ్ళు మూసుకుని, ఇది కాటన్, ఇది పాలిస్టర్ అని చెప్పేస్తుంది. నీటిచుక్క వేసి చూస్తే కాటన్ పీల్చుకుంటుంది, పాలిస్టర్‌మీద చుక్క నిలుస్తుంది. అందుకే చంటిపిల్లలకు, చెమటకు కాటన్. ఆ పిల్ల వేళ్ళలో ఉన్న చదువు మా డి.ఎడ్. లో మాకు చెప్పలేదు.

ఇప్పుడు ఆ స్టీలు గ్లాసు అబ్బాయి దగ్గరికి మళ్ళీ వస్తాము. ఒక శీతాకాలం వాడు రోజూ దగ్గుతూ వచ్చేవాడు. చొక్కా పొగవాసన. అడిగితే చెప్పడు. చివరికి వాడి స్నేహితుడు చెప్పాడు: సాయంత్రం ఖాళీ ప్లాటులో పాత కేబుల్ వైర్లు కాలుస్తారని, పైన ప్లాస్టిక్ కాలిపోతే రాగి మిగులుతుందని. నలుగురైదుగురు పిల్లలు మంట చుట్టూ కూర్చుంటారట. చలికాలం కదా, వెచ్చగా ఉంటుంది.

మేము మొదట కేకలేద్దామనుకున్నాము. కేకలేస్తే ఇంకొంచెం దూరం ప్లాటుకు పోతారు, అంతే. అందుకని మర్నాడు తరగతికి ఒక వైరుముక్క, ఒక సెల్లు, చిన్న బల్బు తీసుకుపోయాము. లోపల రాగి ఎందుకు, పైన ప్లాస్టిక్ ఎందుకు? రాగి కొనలు తాకిస్తే బల్బు వెలిగింది, ప్లాస్టిక్ తాకిస్తే వెలగలేదు. తర్వాత ఒక ప్రశ్న వేశాము. కొవ్వొత్తి మైనాన్ని వేడిచేస్తే కరుగుతుంది, చల్లారితే మళ్ళీ మైనమే. లాడ్ బజార్‌లో లక్కను నిప్పుసెగకు మెత్తబరచి గాజు చుడతారు, రాళ్ళు అద్దుతారు, చల్లారితే మళ్ళీ లక్కే. మరి వైరుమీది ప్లాస్టిక్ కాలాక మళ్ళీ ప్లాస్టిక్ అవుతుందా? కాదు. మరి ఏమైంది? ఎక్కడికి పోయింది? తరగతి నిశ్శబ్దమైంది. కరగడం వేరు, కాలడం వేరు. పిఘల్నా, జల్నా. కాలినప్పుడు పదార్థమే మారిపోతుంది. వైరుమీది ఆ ప్లాస్టిక్‌ను పి.వి.సి. అంటారు. కాలితే యాసిడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను మండిస్తుంది. డయాక్సిన్లు అనే విషాలూ వస్తాయి, అవి ఒంట్లో ఏళ్ళ తరబడి నిలిచిపోతాయి. "సర్, అదే మా గొంతులో మంట" అన్నాడు వాడు. మేము చెప్పింది అక్కడితో ఆపేశాము.

వాడు పూర్తిగా మానేశాడా అంటే మేము హామీ ఇవ్వలేము. కొన్నాళ్ళకు వాళ్ళ నాన్న బడికి వచ్చారు, కొంచెం కోపంగానే. మేము లెక్కే చెప్పాము. కాల్చిన రాగి నల్లబడి తక్కువ ధరకు పోతుంది, ఒలిచిన రాగి మెరుస్తుంది, ఎక్కువ పలుకుతుంది. ఈ లెక్క ఆయనకు మాకంటే బాగా తెలుసు. ఒలవడానికి మనుషులు దొరకరు మాస్టర్ సాబ్ అన్నారు. చాలాసేపు మాట్లాడుకున్నాం. వెళ్ళేటప్పుడు పిల్లల్ని మంట దగ్గరికి పంపనని మాట ఇచ్చారు. చాయ్ తాగి వెళ్ళారు.

ఇదే వరుసలో సీసం సంగతి. ఉర్దూలో సీసా. (పెన్సిల్లో ఉండేది సీసం కాదు, గ్రాఫైటు. పిల్లలు భయపడతారని చెబుతున్నాము.) పాత బ్యాటరీల్లో సీసం ఉంటుంది. వాటిని ఇంటి వాకిట్లో పగలగొట్టడం, ఆ పని చేసిన బట్టలతో వచ్చి పిల్లల్ని ఎత్తుకోవడం ప్రమాదం. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంకొక విషయం చెప్పడానికి కొంచెం సంకోచిస్తున్నాము, అక్కలూ అమ్మలూ అపార్థం చేసుకోవద్దు. సుర్మా మన ఇళ్ళలో ప్రియమైన ఆచారం, దానిమీద మాకు విమర్శ లేదు. పూర్వం సుర్మా రాయి అంటే యాంటిమొనీ రాయి అని చెబుతారు. కానీ బజారులో సుర్మా పేరుతో అమ్మేవాటిలో చాలావాటిలో సీసపు సల్ఫైడు ఉన్నట్టు అనేక దేశాల్లో చేసిన పరీక్షల్లో తేలింది. రెండూ నల్లగానే మెరుస్తాయి, కంటికి తేడా తెలియదు. చంటిపిల్ల కళ్ళు నులుముకుని అదే వేలు నోట్లో పెట్టుకుంటుంది. కాబట్టి ఏమి కలిసిందో రాయని డబ్బీ చంటిపిల్లలకు వాడకండి. మాట సుర్మాయే, డబ్బీలోని పదార్థం వేరు. మా నాలుగో తరగతి పాఠం సరిగ్గా ఇదే.

హోటల్ నుంచి పొగలు కక్కే చాయ్, పాయా పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టించి తేవడం గురించి కూడా చెప్పాలి. స్టీలు డబ్బా పట్టుకుపోండి. అంతకంటే పెద్ద ఉపన్యాసం దానికి అక్కరలేదు.

ఇదంతా చిన్నపిల్లల ఆట, దీనితో ఉద్యోగాలు వస్తాయా అని అడిగేవారున్నారు. మన హైదరాబాదులో పదార్థాల గుణాలమీదే బతికే సంస్థలు ఎన్ని ఉన్నాయో చూడండి. కంచన్‌బాగ్‌లో 1963 నుంచి రక్షణ లోహ పరిశోధనా ప్రయోగశాల, 1973లో ఏర్పడిన మిధాని. మన పక్కనున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జిర్కోనియం మిశ్రమలోహంతో గొట్టాలు చేస్తారు. యురేనియం ఇంధనాన్ని వాటిలో నింపుతారు. జిర్కోనియమే ఎందుకు? అది న్యూట్రాన్లను చాలా తక్కువగా మింగుతుంది, వేడినీటిలో తుప్పుకు తట్టుకుంటుంది. ఇంకా వెనక్కి పోతే నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము కాచి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఇనుములో చిటికెడు బొగ్గుపదార్థం సరైన పాళ్ళలో చేరితే ఫౌలాద్ అవుతుంది. ఆ పాళ్ళు తెలిసినవాళ్ళు ఇక్కడి కమ్మరులే.

అబ్దుల్ కలాం గారు హైదరాబాదులో పనిచేసిన కాలంలో జరిగిన సంగతి వారే చాలా సభల్లో చెప్పారు. నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు వారి ప్రయోగశాలకు వచ్చి, క్షిపణుల కోసం తయారుచేసిన ఒక పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, దాని తేలికకు ఆశ్చర్యపోయారట. కలాం గారిని ఆసుపత్రికి తీసుకుపోయి, మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కట్లు కాళ్ళకు తగిలించుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లల్ని చూపించారు. కొద్దివారాల్లో అదే పదార్థంతో 300 గ్రాముల కట్లు తయారయ్యాయి. పిల్లలు పరుగెత్తారు. మేము ఈ కథ తరగతిలో చెప్పేటప్పుడు క్షిపణి సంగతి తొందరగా దాటేస్తాము. డాక్టరు ఆ వస్తువును చేత్తో ఎత్తి చూశాడు చూడండి, అక్కడ ఆగుతాము. పిల్లల చేతికి మూడు కిలోల ఇటుక ఒకటి, 300 గ్రాముల కట్టెముక్క ఒకటి ఇస్తాము.

ఇక మేము అడగవలసినది అడిగి సెలవు తీసుకుంటాము. మూట చిరిగిపోయింది, సామాను అరిగిపోయింది. మీ దుకాణాల్లో, ఇళ్ళలో మిగిలే వాటిలో కొన్ని మాకు పనికొస్తాయి. పాత స్పీకర్లలోని అయస్కాంతాలు, మూరెడు రాగి తీగ, అల్యూమినియం తీగ, వడ్రంగి దగ్గర మిగిలే టేకు, వేప, ప్లైవుడ్ ముక్కలు ఒక్కొక్కటి, 2011లో చెల్లుబాటు ఆగిపోయిన పాత పైసల నాణేలు, పగిలిన కుండ పెంకులు, దర్జీ దుకాణం పీలికలు. కాటన్, పాలిస్టర్ వేరుచేసి ఇవ్వనక్కరలేదు, వేరుచేయడమే పిల్లల పని. శనివారం మధ్యాహ్నం లోపల బడిలో ఎవరి చేతికిచ్చినా చాలు. పగిలిన గాజు, పాత బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు మాత్రం దయచేసి పంపవద్దు. కళాయి పని చేసే పెద్దాయన చూపు ఆనక రావడం మానేశారు. ఉప్పల్, మౌలాలి వైపు ఆ పని తెలిసినవారు ఇంకెవరైనా ఉంటే వారి చిరునామా చెప్పండి, మేమే వెళ్ళి పిలుచుకుంటాము.